జయరత్నమ్మ రాగుల కుండ

పుంగనూరు మిషన్ బడిలో హాస్టలు పిల్లలకు సంగటి గెలికే జయరత్నమ్మకు నోరు పెద్దది, మనసు పిరికిది. చేతిలో తెడ్డుంటే తాసిల్దారుకైనా జవాబు చెప్పగలదు. వీధిలో చావు కబుర్లు తెచ్చే తంతి జవాను కనబడితే మాత్రం తలుపు చాటున నిలబడి, అతను దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టేది. ఒక్కగానొక్క కొడుకు జ్ఞానప్రకాశం పటాలంలో చేరి బర్మా పోయినాడు మరి.

వాణ్ణి కుప్పంలో రైలెక్కించి వచ్చిననాడే ఆమె కొత్త కుండొకటి పొయ్యి పక్కన పెట్టింది. అక్కడి క్రైస్తవుల ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి ముట్టించినప్పుడల్లా దేవునికని పిడికెడు గింజలు తీసిపెడతారు. అందరూ వాటిని చర్చిలో ఇచ్చేస్తుంటారు. జయరత్నమ్మ మాత్రం మొండి మనిషి కదా, "ప్రభువా, యుద్ధం ఆగి నా బిడ్డ గడప తొక్కినాకనే ఈ కుండ మూత తీస్తా" అని మొక్కుకుంది. రాగులకు ఎన్నేళ్లయినా పురుగు పట్టదు. ఆ యుద్ధానికీ పట్టలేదు, అదే దిగులు.

నలభై ఐదో సంవత్సరం ఎండాకాలంలో ఊళ్లో దండోరా వేసినారు. గెలిచినాం, శాంతి వచ్చేసింది అన్నారు. బడిపిల్లలకు మిఠాయి పంచినారు. చర్చిలో పాదిరి శామ్యూల్ అయ్యగారు కృతజ్ఞత కూడిక పెట్టినారు. "ఇంకేం జయరత్నమ్మా, కుండ దించు" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. బిడ్డ ఇంకా గడప తొక్కలేదే అని ఆమె ప్రాణం పీకింది. కానీ సర్కారే చెప్పినాక అనుమానమేంది, రేపో మాపో రాడా అని మనసుకు సర్దిచెప్పుకుంది. రాగులు విసిరించి, చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకు తానే సంగటి గెలికింది. అందరూ కడుపునిండా తిని ఆమెను దీవించినారు.

ఆ దీవెన తెల్లారేదాకా కూడా నిలవలేదు. పక్కింట్లో బట్టలు కుట్టే అబ్దుల్ జబ్బార్, అతని భార్య అమీనా ఉంటారు. వాళ్ల కొడుకు సత్తార్, ప్రకాశం ఒకే రైల్లో పోయినారు. ఆ రాత్రి జబ్బారు గోడ మీదుగా పిలిచినాడు.

"అక్కా, అయిపోయింది జర్మనీవోళ్లతోనంట. మన పిల్లోళ్లు ఉండేది జపానోళ్ల ముందర గదా. ఆ యుద్ధం యాడ ఆగింది?"

జయరత్నమ్మ పొద్దున్నే అయ్యగారి వాకిట్లో నిలబడింది.

"అయ్యా, నా కానుక నాకు తిరిగి ఇచ్చేయండి."

అయ్యగారు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగినారు. "అందరం తినేసినాం కదమ్మా. దేవుడు నీ మనసు ఎరుగడా?"

"ఎరుగును అయ్యా, అదే నా భయం. ఆయనకిచ్చిన మాట రాజుల మాట విని తప్పినా. రాజుల్ని నమ్ముకోవద్దన్న బైబిలు మాట పిల్లోళ్లకు నేనే చెప్తాండాను. ఇప్పుడు నా బిడ్డకేమైనా అయితే?"

అయ్యగారు ప్రార్థన చేసినారు. ఆమె ఆమెన్ అంది గాని అంతటితో ఊరుకోలేదు. ఇంటికి పోయి ఖాళీ కుండలో పిడికెడు రాగులు వేసి మళ్లీ మొదలుపెట్టింది.

వానకాలంలో రెండో దండోరా వచ్చింది. ఏదో కొత్త బాంబంట, ఒక్కటి వేస్తే ఒక ఊరు బూడిదంట, జపానువాళ్లు లొంగిపోయినారంట, ఈసారి నిజంగానే శాంతి అంట. ఇక లోకంలో యుద్ధాలే ఉండవని పెద్దపెద్ద దొరలు మాటిచ్చినారంట. మళ్లీ కూడిక, మళ్లీ కానుకలు.

"నేను తేను" అంది జయరత్నమ్మ. "ఊర్లు కాల్చి తెచ్చిన శాంతికి స్తోత్రం యెట్లా చెప్పేది అయ్యా? ఆ ఊర్లలో పొయ్యి కాడ అమ్మలు లేరా?"



ఆ సాయంత్రం చర్చి గంట మోగుతుండగా తంతి జవాను వీధిలోకి తిరిగినాడు. జయరత్నమ్మ తలుపు చాటుకు పోయి కళ్లు మూసుకుంది. అడుగులు దగ్గరైనాయి, గడప ముందుకొచ్చినాయి, దాటిపోయినాయి.

"దేవా, నీకు స్తోత్రం" అనేసింది.

అప్పుడే పక్కింట్లో అమీనా కేక వినబడింది. సత్తారు పోయి అప్పటికే చాలా రోజులైందట, కబురు శాంతితో పాటు వచ్చింది. జయరత్నమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తను ఎవరి చావుకు స్తోత్రం చెప్పిందో తెలిసి సిగ్గుతో కుమిలిపోయింది.

చావు జరిగిన తురకల ఇంట మూడు దినాలు పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగే వండి పెట్టాలి. జయరత్నమ్మ ఇంట్లో రేషను గింజలు అయిపోయినాయి, ఉన్నది ఆ కుండలోనివే. ఆమె కుండ ముందు చాలాసేపు కూర్చుంది. మూత తీస్తే కొడుకు ఊపిరి తీసినట్టే అనిపించింది. అయినా తీసింది. విసిరి, వండి, తట్టలో ముద్దలు పెట్టుకుని పక్కింటికి పోయింది.

అమీనా తట్ట వంక చూసి ముఖం తిప్పుకుంది. "నీ ఇంట్లో గింజ లేదని నాకు తెల్దా అక్కా? ఇది ప్రకాశం కుండలోది. నేను తినను. యాల తీసినావు?"

"నువ్వు పస్తుండావని."

"వాడింకా రాలేదు గదా!"

"రాలేదు" అంది జయరత్నమ్మ, అప్పుడు ఏడ్చింది. "తిను అమీనా. భయమయితాంది, అయినా తిను."

ఒక ముద్ద ఇద్దరూ చెరిసగం తిన్నారు.

మూడు దినాలు గడిచి, అమీనా ఇంట్లో మొదటిసారి పొయ్యి వెలిగిన పొద్దున జయరత్నమ్మ పొయ్యి కాడే ఉంది. అమీనా పలకరించకుండా లోపలికి వచ్చింది. చెంగులోంచి తన ఇంటి రాగులు పిడికెడు తీసి, ఖాళీ కుండలో వేసి మూత పెట్టింది.

"ఇది మీవాడికి" అంది.