తొమ్మిదిన్నరకు తెరిచే మందుల గది

బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు దగ్గు ఒక జబ్బు కాదు. దుమ్ము తింటాం, దగ్గుతాం, ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాం. సెల్‌ఫోన్లు ఇంకా మేస్త్రీల జేబుల్లోనే ఉన్న రోజులవి. ఒకనాడు దగ్గితే తెల్లబండ మీద రక్తం పడింది. గబగబా నీళ్లు పోసి కడిగేశాను. ఎవరూ చూడలేదని సంతోషపడ్డాను కూడా, పిచ్చిదాన్ని.

సర్కారు ఆసుపత్రిలో కళ్లె పరీక్షకు ఈరోజొకటి, రేపొకటి ఇవ్వమన్నారు. రిపోర్టు మూడో రోజు. "టీబీ పాజిటివ్. ఆర్నెల్లు మందులు. అంతా ఫ్రీ" అన్నారు డాక్టరు. నా పేరు రాసిన మందుల డబ్బా అక్కడే ఉంటుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో సిస్టరు ఎదుటే మింగాలి. ఆ గది తెరిచేది తొమ్మిదిన్నరకు. మా మిషన్లు తిరిగేది ఎనిమిదికి.

"వారంలో మూడు దినాలు ఇట్లొస్తే ఎట్ల మార్తమ్మా? నీ మిషన్ ఎవురు చూడాల?" అన్నాడు మేస్త్రీ. జబ్బని చెప్పలేదు. బండల లోడుతో మద్రాసు తిరిగే నా భర్తకూ దుమ్ము దగ్గనే చెప్పాను. ఆరేళ్ల పాపను మాత్రం వేరే చాప మీద పడుకోబెట్టాను. "నామీద కోపమా మా?" అంది. అటు తిరిగి పడుకున్నాను.

రెండు నెలలకు దగ్గు తగ్గింది. మందులు మానేశాను. నాలుగు నెలలకు రక్తం మళ్లీ పడింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు చీటీ చూసి, "డిఫాల్టర్. ఇక కేటగిరీ టూ మందులు. ఎనిమిది నెలలు, ముందు రెండు నెలలు ఇంజెక్షన్లు. ఎందుకు మానేశావు?" అని కసిరారు.

"ఎనిమిదికి పనెక్కాల సార్. మందుల గది తొమ్మిదిన్నరకు గానీ తెరవరు."

ఆయన అప్పుడు తలెత్తారు. "డబ్బా నీ పని దగ్గర ఎవరికైనా ఇప్పించేవాళ్లం కదమ్మా. అడగలేదా?"

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. నేను అడగలేదు.

ఇంజెక్షన్ల రెండు నెలలూ పనికి పోలేకపోయాను. తర్వాత మళ్లీ పనిలో చేరాను. నా మందుల డబ్బా దగ్గర పెట్టుకోమని ఫ్యాక్టరీ ముందు టీ హోటలు నడిపే ఖాజాబీని అడగాలి. అడిగితే అందరికీ తెలిసిపోతుంది. రెండు రోజులు ఊరికే టీ తాగి వచ్చేశాను. మూడోరోజు ఏడుస్తూ చెప్పాను.

"ఇంతేనా? ఐదుకే పొయ్యి ముట్టిస్తాండా కదా. పనెక్కేముందు ఈడికొచ్చి మింగిపో."

ఆసుపత్రి నుంచి వచ్చిన నా మందుల డబ్బాను చక్కెర డబ్బా పక్కనే పెట్టింది. పనివాళ్లలో ఇద్దరు నాకు దూరం జరిగారు. మిగతావాళ్లు టీ తాగి పనికి పోయారు. నేను అన్నాళ్లు భయపడింది ఇంతమాత్రానికే.

ఎనిమిది నెలలు పూర్తయ్యాక కళ్లె పరీక్ష నెగెటివ్ వచ్చింది. మందు వేళ మీ పనికి కుదరకపోతే మానకండి, కుదరడం లేదని మొదటిరోజే డాక్టరుతో చెప్పండి. ఆ ఒక్కమాట నేను చెప్పుంటే పాప వేరే చాప మీద పడుకోవలసింది కొన్ని వారాలే. ఏడాదికి పైనే పడుకుంది. జబ్బు తగ్గాక నా పక్కలోకి రమ్మంటే, "నాకు అలవాటైపోయింది మా" అంది.