లిచీ కాపుకొచ్చేదాకా

సోబత్ సింగ్ గుసాయిని పాత ముఖ్యమంత్రుల పేర్లు అడిగితే తడుముకుంటాడు. చెట్లు అడిగితే గడగడా చెబుతాడు. "ఆ వంతెన ఎవరి హయాంలో కట్టారు కాకా?" అంటే గడ్డం గోక్కుని, "గోడవార చెట్టాయన. కాదు కాదు, దాని పక్క చెట్టాయన" అంటాడు.

డెహ్రాడూన్‌లో ముఖ్యమంత్రి బంగళాకి అతను పెద్ద తోటమాలి. పౌడీ కొండల్లోని ఊరి నుంచి మీసం రాని వయసులో దిగి వచ్చాడు. ఇప్పుడా మీసం తెల్లబడింది. బంగళా వెనక క్వార్టర్ల వరసలో మాకూ వాళ్లకూ మధ్య గోడ ఒక్కటే. అతని భార్య సుర్మా ఉలవపప్పుకి తాలింపు పెడితే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి. నేను చెప్పబోయేదాంట్లో సగం ఆ గోడ మీదుగా విన్నదే.

ఆ బంగళాలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త ముఖ్యమంత్రి ఇంట్లో దిగిన రోజున పెరట్లో ఒక లిచీ అంటు నాటాలి. ఫొటోలు, చప్పట్లు, పాలరాతి పలక మీద పేరు. ఆ తరవాత నీళ్లు పోసేది సోబత్. లిచీ కాపుకు రావాలంటే అయిదారేళ్లు పడుతుంది. ఏలేది చూస్తే ఢిల్లీ పార్టీ. జెండా అదే, గోడల మీద పెద్ద నాయకుల పటాలు అవే, కుర్చీలో మనిషి మాత్రం నిలవడు. ఢిల్లీ నుంచి పరిశీలకులు విమానం దిగారని తెలిస్తే చాలు, సుర్మా గోడ మీదుగా, "మా ఆయనకి మళ్లీ గుంట తవ్వే పని పడింది" అనేది. తాను నాటిన చెట్టు కాయ కుర్చీలో ఉండగా తిన్న ముఖ్యమంత్రి ఒక్కడూ లేడు.

అలా వచ్చి వెళ్లినవాళ్లలో మాయారామ్ సెమ్వాల్ ఒకరు. వయసులో ఉండగా కొండ దారుల్లో బస్సు కండక్టరు. ముఖ్యమంత్రి అయ్యాక కూడా కారెక్కి తలుపు వేసుకుని, దాని మీద రెండుసార్లు చరిచేవాడు, పోనీ అన్నట్టు. మిగతావాళ్లు ఫొటో అయ్యాక చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఈయన మాత్రం పొద్దున్నే పెరట్లోకి వచ్చి అంటు పక్కన గొంతుక్కూర్చునేవాడు.

"ఏం సోబత్, మన ప్రయాణికుడు టికెట్టు తీసుకున్నాడా?"

కొత్త చిగురు కనిపిస్తే, "చిల్లర తీస్తున్నాడు సాబ్" అనేవాడు సోబత్.

ఆయన్ని దింపేసిన రోజున సామాను లారీకి ఎక్కుతోంది. ముందురోజు దాకా కాళ్ల మీద పడ్డవాళ్లంతా దండలు పట్టుకుని కొత్తాయన గుమ్మంలో ఉన్నారు. సెమ్వాల్ ఒక్కడే పెరట్లోకి వచ్చి, మోకాలెత్తు చెట్టుకేసి చూశాడు.

"ఇది కాస్తుందంటావా?"

"కాయకేం సాబ్. టైం పడుతుందంతే."

"కాసినప్పుడు నాలుగు కాయలు తెచ్చిపెట్టు. ఈ ఇంటి నుంచి నాకింకేం రాదులే."

"మొదటి గుత్తి మీకే" అన్నాడు సోబత్.

ఆ సంగతి విని సుర్మా, "మాటిచ్చే ముందు చెట్టునడిగావా?" అంది.

చెట్టు మనిషిని దాటి ఎదిగింది. ఈలోపు మరో ఇద్దరు వచ్చారు, పోయారు. ఆ పై వానలు వెలిశాక కమలేశ్ కైంతూరా వచ్చాడు. కాలు బయట పెట్టాలన్నా జ్యోతిషుణ్ణి అడిగే మనిషి. వచ్చీ రాగానే సోబత్‌ని పిలిపించాడు.

"లిచీ వద్దు. నేనుండగా పండేది ఏదన్నా ఉందా?"

"బొప్పాయి ఉంది సాబ్. ఏడాది లోపే చేతికొస్తుంది."

బొప్పాయి మొక్కకి పాలరాతి పలక పెట్టారని క్వార్టర్లన్నీ నవ్వాయి. "మరి సొరపాదుకి పెట్టరేం?" అంటూ ఎవరి నోటికొచ్చింది వాళ్లన్నారు. సోబత్ నవ్వలేదు. నాటిన చేతిని బట్టి మొక్కని చులకన చేయడం అతనికి రాదు.

ఆ వసంతంలో సెమ్వాల్ చెట్టు మొదటిసారి పూత పట్టింది. సోబత్ కూరల బండివాణ్ణి కూడా లోపలికి పిలిచి చూపించబోతే కాపలావాళ్లు ఆపారు. సరిగ్గా ఆ వారమే ముఖ్యమంత్రి పీయే బడోనీ పెరట్లోకి వచ్చాడు.

"సోబత్, ఈ లిచీ వరస కొట్టేయాలి. హోలీ లోపు."

"పూత మీదున్నాయి బాబూ."

"ఏ పూత మీదుంటే ఏం? అన్నీ కుర్చీ దిగిపోయినవాళ్లు నాటినవి. వాటి గాలి తిన్నగా సీఎం సాబ్ పడగ్గదిలోకి కొడుతోందట. జ్యోతిషుడు చెప్పాడు."

"కాయ కోసుకున్నాక కొట్టేద్దాం. జూన్ దాకా ఆగండి."

"జూన్ దాకా ఎవరుంటారో..." అనబోయి బడోనీ నాలిక కరుచుకున్నాడు.

ఆ సాయంత్రం గోడ అవతల రాగి రొట్టెలు కాలుతున్నాయి, మాటలూ కాలుతున్నాయి.

"బజార్లో కిలో కొని పట్టుకెళ్లు. కాయ మీద పేరేమన్నా రాసుంటుందా? ఆయనకేం తెలుస్తుంది?" అంది సుర్మా.

"నాకు తెలుస్తుందిగా."

"నువ్వు తినవుగా."

"ఆ చెట్టు మొహం ఎలా చూడను?"

"చెట్టే ఉండదు కదయ్యా. నీకు చెట్టుతోనే పెళ్లి చేయాల్సింది. నాకు ఈ పొయ్యి బాధ తప్పేది."

మర్నాడు పొద్దున కైంతూరా నడకకి వచ్చేసరికి సోబత్ గొడ్డలి పక్కన పెట్టుకుని చెట్టు కింద నిలబడి ఉన్నాడు. వెనకే బడోనీ.

"ఏం, ఇంకా మొదలెట్టలేదా?" అన్నాడు కైంతూరా.

"పదును పెట్టించాను సాబ్. ఒక్క మాట అడిగి మొదలెడదామని." సోబత్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఈ ఇంట్లో ఒక సీఎం నాటిన చెట్టుని ఇంకో సీఎం ఇంతవరకూ కొట్టించలేదు. ఒకరినొకరు ఏమేం చేసుకున్నారో నాకు తెలీదు గానీ చెట్ల జోలికి రాలేదు. ఇవాళ ఇది మొదలైతే, రేపొచ్చేవాళ్లు మీ బొప్పాయితో మొదలెడతారు. దానికి గొడ్డలి కూడా అక్కర్లేదు, కొడవలి చాలు."

బడోనీ మొహం పాలిపోయింది.

"అంటే నేనూ పోతానంటావు" అన్నాడు కైంతూరా.

"నేను చెట్ల సంగతి చెబుతున్నాను సాబ్. మనుషుల సంగతి ఢిల్లీవాళ్లకే తెలియాలి."

కైంతూరా బొప్పాయి దగ్గరికి వెళ్లి, దాని లేత కాండం మీద వేలితో తట్టి చూశాడు. గొడ్డలికేసి చూశాడు. ఉన్నట్టుండి నవ్వేశాడు.

"బడోనీ, నా మంచం పక్క గదిలో వేయించు. ఈ చెట్లని ఉండనీ."

ఇక జూన్ దాకా సోబత్ పోరు చిలకలతోనే. పాత వల కప్పాడు, రేకు డబ్బాలు కట్టాడు, సుర్మా పాత ఓణీ కూడా ఒకటి కొమ్మకి ఎక్కింది. చివరికి ఒకే ఒక్క గుత్తి ఎర్రబడింది. దాన్ని ఆకులతో సహా కోసి, తడిబట్టలో చుట్టుకుని బస్సెక్కాడు.

ఒకప్పుడు సెమ్వాల్ గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ఇప్పుడక్కడ కుక్క కాళ్లు చాపుకుని పడుకుంది. వరండాలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే, "ఎవరి ట్రాన్స్‌ఫరు? నా మాట ఎవరూ వినడం లేదు, ముందే చెబుతున్నా" అన్నాడు.

"ట్రాన్స్‌ఫరు కాదు సాబ్. మన ప్రయాణికుడు టికెట్టు తీసుకున్నాడు."

సెమ్వాల్ కళ్లజోడు తీశాడు. తడిబట్ట విప్పిన గుత్తిని చేతిలోకి తీసుకున్నాడు. ఒక కాయ వలిచి నోట్లో వేసుకున్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది.

"పులుపు."

"మొదటి కాపు అంతే సాబ్. గింజ పెద్దది, కండ తక్కువ."

"నా పాలన లాగే" అన్నాడాయన. ఇంకోటి వలిచాడు. మరోటి. గింజల్ని పేపరు అంచున వరసగా పేర్చుకుంటూ, చెట్టు ఎలా బతికిందో సోబత్ చెబుతుంటే విన్నాడు. సగం గుత్తి తిని ఆగి, మిగతా సగం మళ్లీ తడిబట్టలో చుట్టాడు.

"ఇవి కైంతూరాకివ్వు. ఇల్లు ఖాళీ చేయకముందే తినమను."

సోబత్ గేటు దాటుతుంటే వెనక నుంచి చప్పుడు వినిపించింది. పెద్దాయన గేటు రేకు మీద రెండుసార్లు చరిచాడు.

బంగళా చేరేసరికి కైంతూరా కారు బయల్దేరబోతోంది. ఢిల్లీ నుంచి పిలుపు. ఎందుకో ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మొహాల్లోనూ ఉంది. సోబత్ అద్దం దగ్గరికెళ్లి మూట అందించాడు. ముఖ్యమంత్రి ఒకటి వలుచుకుని తిని మొహం చిట్లించాడు. అయినా మూట తిరిగి ఇవ్వలేదు.

"నా బొప్పాయో?"

"రంగు తిరుగుతోంది సాబ్. మీరు తిరిగొచ్చేసరికి పండుతుంది."

"పండితే..." అని కైంతూరా ఏదో అనబోయి, కారు కదలడంతో ఆగిపోయాడు.

"మీకే సాబ్" అన్నాడు సోబత్, కారు వెంట రెండడుగులు వేస్తూ. "ఎక్కడున్నా తెచ్చిస్తాను."

సాయంత్రం సుర్మా వచ్చేసరికి అతను చిలకలు కొట్టకుండా బొప్పాయికి గోనెపట్టా చుట్టేసి, వరస చివర పార పట్టుకుని ఉన్నాడు.

"ఆయనింకా విమానం దిగనేలేదు. అప్పుడే గుంటేంటయ్యా?"

"వానలొస్తున్నాయి కదే. తవ్వి పెట్టుకుంటే పోయేదేముంది" అన్నాడు సోబత్.