తెనాలి ప్లాట్‌ఫారం మీద చిటికెడు ముక్కుపొడి

పందొమ్మిది వందల అరవైల్లో నేను టెలిగ్రాఫు పని నేర్చుకుంటున్నాను. ఒకరోజు తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుంటే, పక్కన ఒక పెద్దాయన కునికిపాట్లు పడుతున్నాడు. చుట్టూ టీ కేకలు, ఇంజను రొద. ఆయన కళ్లు తెరవకుండానే, "మన బండి ఇప్పుడే సంగం జాగర్లమూడి వదిలింది బాబూ" అన్నాడు.

స్టేషన్ మాస్టరు గదిలోని టెలిగ్రాఫు టకటకలు ఆయనకు ఆ గోలలోనూ మాటల్లా వినిపించాయి. ఆరు నెలలుగా నేర్చుకుంటున్న నాకు చప్పుడే వినపడలేదు. కడుపు మండిపోయింది.

"ఎలా పట్టారండీ?" అన్నాను.

ముక్కుపొడి డబ్బీ నా ముందుకు చాపాడు. "ముప్పయ్యేళ్లు టెలిగ్రాఫు పనే చేశాను. ఇది చిటికెడు పీలిస్తేనే బుర్ర మేలుకుంటుంది. లేని రోజు నాకూ అంతా గోలే."

ఆశగా పీల్చాను. తుమ్ముల్లో బండి కూత కూడా వినపడలేదు. ఆయనే భుజం తట్టి ఎక్కించాడు.

ఆయన మీద పంతంతో నేనూ డబ్బీ కొన్నాను. అయినా పరీక్ష తప్పాను. పొగాకు మెదడును కాసేపు మేలుకొలుపుతుందే గాని, చెవికి పని నేర్పదని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. అప్పటికే నాకది అలవాటైపోయింది.

డబ్బీ ఇప్పటికీ జేబులోనే ఉంది. ఆ చెవి మాత్రం ఆయనతోపాటే రేపల్లెలో దిగిపోయింది.