ఎర్రంచు పసుపు చీర

ధర్మవరంలో నేను ప్రోగ్రాములు రాసిన రోజుల్లో, యంత్రం తప్పు చేయదని అందరికీ చెప్పేవాణ్ణి. (అది నిజంగానే చేయలేదు. చేసింది నేను.) ఆ మాట ఒక్కటి అప్పుడు దాచినందుకు, ఒక మనిషికి అక్కర్లేని కళ్లద్దాలు వచ్చాయి.

హిందూపురం నుంచి రోజూ రైల్లో వెళ్లి పట్టుచీరల సావుకారు దగ్గర పనిచేసేవాణ్ణి. చీర రంగులు చెబితే, ఏ రంగు పట్టు ఎంత కావాలో లెక్కకట్టి అద్దకానికి పంపే చిన్న స్క్రిప్టు రాశాను. అందులోని ఫంక్షన్‌కు రెండు రంగులు ఇవ్వాలి: ముందు బాడీది, తర్వాత అంచుది. ఏది దేనిదని అది అడగదు, వచ్చిన వరుసలో పుచ్చుకుంటుంది. ఇచ్చినవి రంగులేనా అని మాత్రం చూస్తుంది. సావుకారు ముందు 'పచ్చిమిర్చి' అని కొట్టి, అది ఒప్పుకోకపోతే గర్వంగా నవ్వాను కూడా.

దాని ముందు, అక్కడ రంగులు చూసుకునే పెనుకొండ అన్నను కూర్చోబెట్టారు. మగ్గం పక్కన పెరిగిన మనిషి, రంగుల విషయంలో ఆయన మాటే ఆఖరు. మన వైపు చీరను ఎలా చెబుతామో మీకు తెలుసు: ఎర్రంచు పసుపు చీర. అంచే ముందు. అన్న అలాగే ఎరుపు, పసుపు అని కొట్టాడు. రెండూ రంగులే కాబట్టి స్క్రిప్టు సంతోషంగా ఒప్పుకుంది. ఆ చీర చెప్పిన పెళ్లికూతురి తల్లి చూడ్డానికి వచ్చేసరికి, మగ్గం మీద పసుపంచు ఎర్రచీర సగం తయారై ఉంది.

"ఏమప్పా, ఎరుపేదో పసుపేదో కనపళ్ళేదా నీకు?" అన్నాడు సావుకారు. అన్న తాను సరిగ్గానే కొట్టానన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను కంప్యూటర్ వైపు చూశాను. ఆ తర్వాత, కండ్లు ఒకసారి చూపించుకుంటే మంచిదేమోనని మెల్లగా సలహా ఇచ్చాను. శ్రద్ధ ఎక్కువై పుట్టపర్తి ఆసుపత్రికి బస్సులో నేనే తీసుకెళ్లాను. డాక్టరు చూపు బాగుందన్నాడు, చదువుకోవడానికి కావాలంటే అద్దాలు పెట్టుకోమన్నాడు. అన్న పెట్టుకున్నాడు. సావుకారు ఆయన్ని రంగుల దగ్గర నుంచి తీసి, చీరలు మడతపెట్టే పనికి మార్చాడు. అప్పట్నుంచి ఆయన 'అద్దాలన్న'.

నేనేమో గుట్టుగా స్క్రిప్టు సరిచేశాను. అంచు ఏది, బాడీ ఏది అని పేరు పెట్టి చెబితే గాని ఇక తీసుకోదు. ఎంత ముందుచూపని సావుకారు మెచ్చుకుంటే తలవంచుకున్నాను. వినయం అనుకున్నారు.

మొన్న పెనుకొండలో ఆయనింటికి వెళ్లాను. రైల్లోనే మాటలు సిద్ధం చేసుకున్నాను: ముందు నా వయసు, తర్వాత సావుకారంటే భయం, చివర్న తప్పు. గుమ్మంలోకి వెళ్లేసరికి అన్న చొక్కా చేత పట్టుకుని, ఇది నీలమేనా అని వదినను అడుగుతున్నాడు. నా వరుస తారుమారైంది.

"తప్పు నాది అన్నా. నువ్వు సరిగ్గానే కొట్టినావు. నా ప్రోగ్రామే అడగాల్సింది అడగలేదు."

ఆయన అద్దాలు తీసి, చొక్కాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"కండ్లు బాగుండాయని డాక్టరు ఆ పొద్దే చెప్పినాడప్పా," అన్నాడు. "నేనే నీ మాట నమ్మితి."

నా దగ్గర ఇంకా వయసు, భయం మిగిలే ఉన్నాయి. వాటిని ఎవరూ అడగలేదు.

"క్షమించన్నా," అన్నాను.