ఢిల్లీ కాదు, డిలీ

2015 వేసవి. ప్రొద్దుటూరు బస్టాండు ఎదురుగా నా అంగడి. పాస్‌పోర్టు ఫారాలు నింపడం, టికెట్లు తీయడం నా పని. ఏడో తరగతితో బడి మానినోణ్ని. తర్వాతి చదువంతా పేపర్లలోనూ, ఒక పాత అట్లాసులోనూ. అది అచ్చయినాక పుట్టిన దేశాలన్నీ అందులో పెన్సిల్‌తో నేనే గీసుకున్నా. మన రాష్ట్రాన్ని చీల్చినప్పుడు కోపంతో గీసిన గీతా అందులోనే ఉంది, కాగితం చినిగేంత గట్టిగా.

ఒకరోజు జమ్మలమడుగు మస్తాన్‌వలీ వచ్చినాడు. వెల్డరు. గల్ఫులో పని వదులుకుని వచ్చి, కొత్త కంపెనీలో చేరబోతున్నాడు. సోమవారం హాజరు కాకుంటే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"మామా, ఈ టికెట్టు చూడు. కంపెనీ లెటర్లో ఒకటుంది, దీంట్లో ఒకటుంది."

లెటర్లో డిలీ, తిమోర్-లెస్తె అని ఉంది, దానికి వీసా కాగితం గుడక జత చేసినారు. టికెట్టు చెన్నై నుంచి ఢిల్లీకి.

"ఇదేందిరా, ఢిల్లీకి పోతాండావా?"

"కంపెనీవోళ్లు స్పెల్లింగు తప్పు రాసినారంట. పులివెందుల ట్రావెల్స్‌లో వాళ్లే దిద్ది ఇచ్చినారు."

"ఢిల్లీకి పోయేదానికి వీసా యాడిదిరా?"

"నేనూ అదే అడిగితి. నవ్వినారు."

నాకు ఒళ్లు మండింది. ఉన్న దేశాన్ని తప్పు కింద కొట్టేసినారు. అంగడి మూసి, అట్లాసు చంకన పెట్టుకుని, వాణ్ని వెంటబెట్టుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కినా.

బస్సులో వాడికి తెలియాల్సిందంతా ఒక ఫారం వెనక రాసిచ్చినా. ఇండోనేషియా పక్కన ఒక దీవి, అందులో తూర్పు సగం ఈ దేశం. పోర్చుగీసువాళ్లు ఏలినారు, తర్వాత ఇండోనేషియా ఏలింది, 2002లో స్వతంత్రం వచ్చింది. జనం మాట్లాడేది టెటుం, ఆఫీసుల్లో పోర్చుగీసు. చెల్లేది అమెరికా డాలరు, చిల్లర మాత్రం వాళ్లదే. గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. దోమలెక్కువ, మందు పెట్టుకో. శానామంది కేథలిక్కులు. డిలీలో మసీదు గుడక ఉంది.

"తిమోర్ అంటే ఏంది మామా?"

"మలయ్ మాటలో తూర్పు. లెస్తె అంటే పోర్చుగీసులో తూర్పు."

"తూర్పు తూర్పు అని పెట్టుకున్నారా?"

"మనం నడిమధ్య అనడం లేదా?"

మూడు రోజులుగా తిండి సహించనోడు అప్పుడు నవ్వినాడు.

ట్రావెల్స్ మేనేజరు కుర్చీలోంచి లేవలేదు. "అట్లాంటి దేశం లేదు పెద్దాయనా. ఈ లైన్లో నాకు పదేండ్లు."

నేను అట్లాసు తెరిచి చూపించినా.

"ఇది నువ్వు గీసుకున్న గీత."

"అవును. నీ మిషన్లో నేను గీయలేను గదా. అందులో డి, ఐ, ఎల్ కొట్టు."

ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల కోడ్ ఉంటుంది. ఢిల్లీకి డి, ఈ, ఎల్. కంపెనీ పంపిన కాగితంలో డి, ఐ, ఎల్ అని సరిగ్గానే ఉంటే, ఈయన ఐని ఈ చేసినాడు. ఒక్క అక్షరం. దాంతో మనిషి పోవాల్సిన దిక్కే మారిపోయింది.

కొట్టినాడు. తెర మీద డిలీ వచ్చింది, దాని పక్కన దేశం పేరుతో సహా. పక్క కౌంటర్లో అమ్మాయి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. మేనేజరు లేచి కుర్చీ నా వైపు జరిపినాడు. చెన్నై నుంచి సింగపూరు పోయి విమానం మారాల, ఆడనుంచి డిలీకి రోజూ విమానం లేదు. శనివారం ఉండేదాంట్లో సీటు దొరికేదాకా ఆ కుర్చీలోంచి నేను కదల్లేదు.

సోమవారం మనకింకా తెల్లవారకముందే మస్తాను ఫోన్ చేసినాడు.

"ఈడ ఎండ వచ్చేసింది మామా. డ్యూటీలో చేరితి."

"ఏ ఊర్లో?"

"డిలీలో. ఢిల్లీలో కాదు."

అట్లాసు తీసి, పెన్సిల్ గీత మీద ఇంకుతో దిద్దినా. ఇప్పుడు ఆ మేనేజరుకు తెలియని ఊరు తగిలితే నాకే ఫోను చేస్తాడు, "పెద్దాయనా, ఇట్లాంటి ఊరొకటి ఉందా?" అని. నలభై ఏండ్ల పనిలో నాకు బాగా ఎక్కిన పాఠం ఇదే. మనం విననంత మాత్రాన ఊరు లేకుండా పోదు. పేరు దిద్దే ముందు, అడగాల.