లింబాద్రి మద్దిచెక్క పరీక్ష

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా నడుస్తున్న రోజులవి. కోటగిరి లింబాద్రి పనికి చెరకు బండి తోలేవాడు, వ్యసనం కొద్దీ వైద్యుడు. దారిలో కనబడ్డ చెట్టునల్లా గీకి సంచిలో వేసుకునేవాడు. ఊళ్లో సగంమంది అతని మందు తాగినవాళ్లే. మిగతా సగం తెలివైనవాళ్లు.

ఆ ఏడు అతని భార్య పెంటవ్వకు గుండెదడ పట్టుకుంది. రెండు బిందెల నీళ్లు మోస్తే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేది. గుండెకు మంచిదని లింబాద్రి తెల్లమద్ది చెట్టు చెక్క కాచి కషాయం తెచ్చాడు. ఆమె మొహం తిప్పుకుంది.

"ముందుగాల ఎడ్లకు పొయ్యి. అవి బతికితే సూస్తం."

ఆమె ఎగతాళికే అంది. లింబాద్రి మాత్రం నిజామాబాద్ దవాఖానా కాంపౌండరును అడిగి మరీ మందుకు బలముందో లేదో తేల్చే పద్ధతి తెలుసుకున్నాడు. మందు ఒక్క ఎద్దుకే పోయాలి. బరువు లాగాక ఏ ఎద్దు గుండె తొందరగా కుదుటపడుతుందో చూడాలి. తన జతలో బూడిదరంగు మైలెద్దుకు కషాయం, నల్లటి కర్రెద్దుకు వట్టి నీళ్లు. పొద్దున్నే అతను చెరకు కట్టలు కట్టడానికి పోతాడు కనుక గొట్టంతో పోసే పని పెంటవ్వది. సాయంత్రం బండి విప్పగానే ఎడ్ల తోక మొదట్లో వేళ్లు పెట్టి నాడి చూసే పని అతనిది.

"నా చెయ్యి వట్టుకొని గింతసేపు కూసున్నవా ఎన్నడన్న?" అనేది పెంటవ్వ.

పదిహేను రోజులకు లింబాద్రి అరుగు మీద కూలబడ్డాడు. రెండెడ్లూ ఒక్కతీరుగానే కుదుటపడుతున్నాయి.

"చెక్కల బలం లేదే. ఇంక నీకియ్యనీకె నా తాన ఏం లేదు."

పెంటవ్వ కొంగు సర్దుకుంది. "రెండిటికీ పోసిన."

"ఏందీ!"

"ఒక్క కాడి కింద నడిసే జీవాలాయె. ఒకదానికి వెట్టి ఇంకోదాని మొహం ఎట్ల సూడాలె? సగం సగం పోసిన."

అది తప్పని ఎడ్లు కట్టిన ఏ మనిషీ అనలేడు.

"మల్ల మొదలువెడత," అన్నాడు లింబాద్రి.

"మల్ల గట్లనే పోస్త."

"మరి నువ్వెప్పుడు తాగుతవే?"

పెంటవ్వ లోపలికి పోయి, మిగిలిన కషాయం రెండు గిలాసల్లో వంచి తెచ్చింది.

"సగం నీది."

"నాకేం రోగమే?"

"కర్రెద్దుకేం రోగముండె?"

ఊరికంతా మందు పోసినవాడే గాని, తను తాగి ఎరగడు. కళ్లు మూసుకుని గుక్కెడు మింగాడు. వగరుకు మొహం అష్టవంకర్లు తిరిగింది. పెంటవ్వ అతన్ని ఎగాదిగా చూసి, పడిపోడని నమ్మకం కుదిరాక, తన గిలాస ఎత్తింది.