ఏట్లో పడ్డవాడు దొరికేదాకా

ఆదోనిలో పుట్టినవాడికి నది సినిమాల పిచ్చేమిటని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. కుళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్లో పుట్టాను కాబట్టే అంటాను నేను. తెరనిండా నీళ్లు, పడవ మీద కొట్లాట, వెనకాల ఒక మొసలి ఉంటే చాలు, కథ లేకపోయినా నాకు ఫర్వాలేదు.

ఆమెది ఎమ్మిగనూరు అవతల, తుంగభద్ర ఒడ్డు పల్లె. వాళ్ల నాన్న, అంటే మా మామ, అక్కడ ఏట్లో పుట్టి నడిపేవాడు. వెదురుతో గంపలా అల్లిన ఆ గుండ్రటి పడవలో కూలీలను ఏరు దాటించేవాడు. పోయినేడు వరదలో పుట్టి తిరగబడింది. పత్తి తీయడానికి పోతున్న ఒక కూలామె తప్ప అందరూ ప్రాణాలతో దొరికారు. మామ పదిరోజులు వెతికి, పుట్టిని ఒడ్డున బోర్లించి, మళ్లీ ముట్టుకోలేదు. మా ఆవిడ ఆయన్ను మా ఇంటికి తెచ్చుకుంది. వచ్చినప్పటి నుంచీ మధ్యాహ్నం ఒక్క జొన్నరొట్టె, అంతే. ఇట్లాగైతే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. ఆమె బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి చూసింది, ఏడ్చి చూసింది. నేను అరిచి చూశాను. నాకు కోపం ముందు, బుద్ధి తర్వాత.

ఒక ఆదివారం ఆయన్ను మ్యాటినీకి తీసుకుపోయాను. కాస్త ఉల్లాసంగా ఉంటాడని. అదీ నది సినిమాకే. నా తెలివి అట్లాంటిది.

హీరో పడవ మీద నిలబడి నలుగురితో కొట్లాడుతుంటే హాలంతా ఈలలు. మామ కుర్చీ అంచుకు జరిగాడు.

"నిలబడి కొట్లాడేదేంది, కూసోమనప్పా వాన్ని," అన్నాడు.

అంతలో హీరో సుడిలో పడి కనిపించకుండా పోయాడు. ఇంటర్వెల్. మిరపకాయ బజ్జీలు తెచ్చి మామ చేతిలో పెట్టాను. పట్టుకున్నాడు గానీ కొరకలేదు.

"తిను మామా, సల్లారిపోతాయి."

"మనిషి ఏట్లో పడినాక, దొరికేదాకా పుట్టోళ్లం ఒక్కపూటే తింటామప్పా. రెండోసారి ముట్టం. మా నాయన కాలం నుంచి అంతే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇది సినిమా మామా. ఇంకాసేపటికి వాడే లేసొస్తాడు."

"రానీ. వచ్చినాక తింటా."

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్లూ ఆకలి లేక కాదు, ఆ కూలామె దొరకలేదని ఆయన రెండో పూట మానేశాడు. మేం మందులు తెచ్చి పోశామే గానీ, ఎందుకు తినవని నెమ్మదిగా ఒక్కసారి అడగలేదు. సిగ్గేసింది.

నా జన్మలో ఏ హీరో కోసమూ అంతగా ఎదురుచూడలేదు. చివరికి వాడు ఎక్కడో దూరాన, ఎవరో పల్లెవాళ్ల గుడిసెలో కళ్లు తెరిచాడు. హాలు దద్దరిల్లింది. మామ తువ్వాలతో మొహం తుడుచుకుని, చల్లారిన బజ్జీ తిన్నాడు. ఇంకొకటీ తిన్నాడు. తెర వైపే చూస్తూ అడిగాడు:

"ఆయమ్మ గూడా ఇట్లనే యాడన్నా ఒడ్డెక్కింటాదంటావా అల్లుడా?"

ఏటి సంగతి ఆయనకు తెలిసినంత నాకేం తెలుసు? అయినా అనేశాను.

"ఎక్కింటాది మామా."

ఆయన తెర మీంచి నా వైపు తిరిగాడు. నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"నాకు సెప్పితే సెప్పినావు గానీ, ఆమె బిడ్డలకు మాత్రం ఈ మాట సెప్పొద్దప్పా. ఎదురుసూస్తారు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, పొయ్యి దగ్గరున్న కూతుర్ని తనే రెండో పూటకు రొట్టె అడిగాడు.